బండి అలిగిన చోటు

మళ్ళీ నొక్కాను. ఏమీ లేదు. టక్కుమనలేదు, గుర్రుమనలేదు. మీటరు పక్కనుండే చిన్న పచ్చ దీపం వెలగలేదు. హారను నొక్కి చూశాను, అదీ మూగే. తాళం ఆపి, కాసేపు ఆగి, మళ్ళీ తిప్పి, ఈసారి నిద్రపోతున్న పిల్లని లేపినట్టు మెల్లగా నొక్కాను, అయినా లేదు. ఇప్పటిదాకా బాగానే వచ్చింది. ఆసుపత్రి గేటు దగ్గర ఒక్క నొక్కుడికే అందుకుంది, కాలవ వంతెన దాటింది, పత్తి చేల మధ్య మట్టిరోడ్డంతా తనలో తను పాడుకుంటూ వచ్చింది. ఇక్కడ మిరపకల్లం ముందు, బస్తాలు వేసుకొస్తున్న ట్రాక్టరుకి దారి ఇద్దామని పక్కకి దిగాను. గుంటలో ఒక కుదుపు, ఒక దగ్గు, అంతే. ట్రాక్టరు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది, నేను మిగిలాను. రోడ్డుకి రెండు పక్కలా కనుచూపు మేర మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఎంత ఎరుపంటే కళ్ళు మూసుకున్నా రెప్పల వెనక అదే ఎరుపు, ఘాటు ముక్కులోంచి దిగి గొంతులో కూర్చుంది. కిక్కు కొట్టొచ్చుగా అంటారు చూసినవాళ్ళు. కిక్కు కుడికాలితో కొట్టాలి. నా కుడికాలు చిన్నప్పుడు పోలియో జ్వరంలో పోయింది. ఉండటం ఉంది, లెక్కలో లేదు. అందుకే నాకు సెల్ఫు బటను ఉన్న బండి. సాయంత్రం దిగువపాలెం గుడిలో ప్రార్థన గంట కొట్టేలోపు నేను రెబ్కా ఇంటి ముందు ఉండాలి. ఉండకపోతే ఇక ఎప్పుడు వెళ్ళినా ఒకటే.

పొద్దున మందుల గదిలో చెప్పింది. నేను మాత్రలు పొట్లాలు కడుతున్నాను, ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది, శనివారం కాబట్టి ఒంటిపూటే, చేతిలో సంచి కూడా ఉంది. "రేపు ఆరాధనలో నా పేరు చదువుతారంటండీ," అంది, ఎవరి పేరో చెబుతున్నట్టు. "వేటపాలెం సంబంధం. జీడిపప్పు కంపెనీలో గుమాస్తా. ఇవాళ ప్రార్థన అయ్యాక నాన్న పాస్టరుగారికి పేర్లు చెబుతానన్నాడు." మా సంఘంలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో పేర్లు చదువుతారు, ఫలానా అమ్మాయికీ ఫలానా అబ్బాయికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయవలెను అని. ఎవరూ ఏమీ తెలియజేయరు. ఒకసారి పేరు గుడిలో చదివాక వెనక్కి తీస్తే ఆడపిల్ల ముఖాన ఊరంతా వేలు పెట్టి చూపిస్తుంది, రెబ్కాకి ఆ గతి పట్టించేవాణ్ణి కాను నేను. అంటే ఉన్నది ఈ ఒక్క సాయంత్రమే. "మంచిదేగా," అన్నాను. నా నోటితో నేనే అన్నాను. "మీకేమీ చెప్పాలని లేదా ప్రేమదాసుగారూ?" అంది. నేను సీసా మూత బిగిస్తూ, సోమవారం లింగాయపాలెంలో కట్లు మార్చాల్సినవాళ్ళు ఇద్దరున్నారన్నాను. సంచి భుజానికి తగిలించుకుని బస్సుకి వెళ్ళిపోయింది. బస్సు కదిలిన చప్పుడు విన్నాక మాట వచ్చింది నాకు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, ఖాళీ గదిలో ఒక్కణ్ణే ఏదేదో అన్నాను, అని, చంకకర్ర తీసుకుని బండి దగ్గరికి నడిచాను.

ఈ బండిది పెద్ద కథ. మిషను ఆసుపత్రిలో పాతికేళ్ళు పనిచేసిన దొరసానమ్మ తన దేశం వెళ్ళిపోతూ వదిలిపెట్టి వెళ్ళింది, జపాను బండి, ఈ చుట్టుపక్కల ఇలాంటిది ఇంకోటి లేదు. డాక్టర్లందరికీ దాని మీద కన్ను పడింది. "ఇది ప్రేమదాసుకి, బటను నొక్కిన చాలును," అని దొరసానమ్మ తన తెలుగులో తీర్పు చెప్పేసి విమానం ఎక్కేసింది. ఊరూరా తిరిగి కుష్టు ఉన్నవాళ్ళకి మాత్రలిచ్చి, మచ్చలు గుండుసూదితో పొడిచి చూసే పని నాది. అప్పటిదాకా బస్సులూ ఎడ్లబళ్ళూ. బండి వచ్చిన రోజు దాని మీద కూర్చుని నొక్కాను, కింద ఏదో గుండె లాంటిది కొట్టుకుంది, నా జీవితంలో మొదటిసారి నేను అందరికంటే ముందు వెళ్ళాను. ఆ ఆనందం గురించి ఎవరికీ చెప్పలేదు, చెబితే జాలిపడతారు. సంవత్సరంపాటు ఒక్క రోజు కూడా ఆగలేదు. తర్వాత మొన్నటి వానాకాలం చివర్నుంచి ఈ రోగం. రోజూ ఉంటే అది రోగం, మందు ఉంటుంది. ఇది ఒకరోజు ఉంటుంది, రెండు రోజులుండదు. చిలకలూరిపేటలో మెకానిక్కు ఖాజావలి దగ్గరికి ఎన్నిసార్లు తీసుకెళ్ళానో. దారిలో మొండికేసిన బండి ఆయన షెడ్డు ముందు పెట్టగానే, నేను దిగి కర్ర చంకలో పెట్టుకుని పక్కకి జరగగానే, ఆయన ఇలా నొక్కగానే, అలా అందుకునేది. "ఏం సార్, బండికి మీ మీద కోపం గానీ నా మీద లేదు," అనేవాడు. అయినా వదిలిపెట్టలేదు పాపం. బ్యాటరీలో నీళ్ళు పోశాడు, పైన తెల్లగా పట్టిన బూజు గరుకు కాగితంతో గీకాడు, వేజలీను రాశాడు, ఫ్యూజు మార్చాడు, సెల్ఫు మోటారు విప్పి బ్రష్షులు చూశాడు, బటను విప్పి ఊదాడు, వైర్లన్నీ కళ్ళతో చూసి తొడుగు ఎక్కడా చిట్లలేదన్నాడు. తేమ అన్నాడు ఒకసారి. మిరప దుమ్ము అన్నాడు ఇంకోసారి. మా పాస్టరుగారు సైతాను అన్నారు. ఆసుపత్రి వాచ్‌మన్ అయితే, దొరసాని బండి కదా, తెలుగు రాక అలిగి కూర్చుంటోంది, కాస్త ఇంగ్లీషులో బతిమాలి చూడండి అన్నాడు. సిగ్గు లేకుండా ఒకరోజు ఎవరూ చూడకుండా అదీ చేశాను.

దీపం వెలగడం లేదంటే కరెంటు తాళం దాకా కూడా రావడం లేదు. దీపం వెలిగి సెల్ఫు తిరగకపోతే మోటారుది తప్పు. రెండూ లేవంటే ఇంకా ముందెక్కడో, బ్యాటరీకీ తాళానికీ మధ్య ఎక్కడో, దారి తెగుతోంది. ఇంతవరకూ నాకు తెలుసు. ఎక్కడో తెలియదు. గుండుసూదితో మనిషి చర్మం మీద పొడుస్తూ పోతాను నేను, ఇక్కడ తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా అని, తెలియని చోటు వచ్చేదాకా. మనిషైతే చెబుతాడు. చాలా ఎండగా ఉంది. కల్లం అవతల పత్తి చేలో ఆఖరి తీత తీస్తున్నారు, వంగిన నడుములు, తెల్ల మూటలు, ఆ తెలుపు చూడగానే అమ్మ వస్తుంది నాకు. ఎక్కడ పత్తి చూసినా మా అమ్మ ఎలీసమ్మ అందులోంచి లేచి వస్తుంది. నన్ను చంకనేసుకుని తీతకి వెళ్ళేది, గట్టు మీద కుప్ప పోసిన పత్తిలో నన్ను కూర్చోబెట్టేది, నేను అందులోకి కూరుకుపోయేవాణ్ణి, చెవుల్లో పత్తి, ముక్కులో పత్తి, వెచ్చగా, ఆకాశం తప్ప ఏమీ కనిపించేది కాదు, కాలు ఉన్నదీ లేనిదీ అక్కడ తెలిసేది కాదు. అలా ఎన్ని మధ్యాహ్నాలు నిద్రపోయానో. సాయంత్రం లేపి గట్టు మీద నిలబెట్టేది. పడేవాణ్ణి. లేపేది కాదు. చెయ్యి ఇవ్వబోయిన పక్క కూలీల్ని కసిరేది. "నీ అంతట నువ్వే లేవాల," అనేది, అని అటు తిరిగి నిలబడేది, నేను లేచేదాకా. తుమ్మ కర్రతో మొదటి చంకకర్ర చేయించిన రోజు చెప్పిన మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది: "ఎవుర్నీ ఏదీ అడగమాక. అడిగితే ఇత్తారు. ఇచ్చి, సూత్తారు." ఆ చూపు అంటే ఆమెకు ఎంత భయమో. ఆమె పోయి చాలాకాలమైంది. ఆ మాట మాత్రం ఆమె కంటే గట్టిగా బతికింది. నేను ఎవర్నీ ఏదీ అడగలేదు, ఉద్యోగం అడగలేదు, బండి అడగలేదు, బస్సులో సీటు అడగలేదు. అడక్కుండా ఎంత దూరం రావచ్చో అంత దూరం వచ్చాను, వచ్చి ఇక్కడ ఈ గుంటలో ఆగాను.

రెబ్కా ఉంటే ఇది ఆగేది కాదు. నవ్వొస్తుంది గానీ నిజం. కట్లు కట్టే నర్సుగా ఆమె మా ఆసుపత్రికి వచ్చినప్పట్నించి బుధవారం బుధవారం నాతో ఊళ్ళకి వచ్చేది, వెనక కూర్చుని, కాళ్ళు ఎడమ పక్కకి వేసి. నా కర్ర పెట్టుకోడానికి సీటు కింద ఎడమ పక్కనే కమ్మరి ఆదెయ్య చేత రెండు ఇనప కడియాలు బిగించుకున్నాను, కుడి పక్క సైలెన్సరు కాలుతుంది కనుక. మొదటి బుధవారం ఇంకా ఆసుపత్రి గేటైనా దాటలేదు, "ఆ కర్ర ఇటివ్వండి, నా కాలికి కొట్టుకుంటోంది," అంది. నాకు భలే నచ్చింది ఆ మాట. జాలి లేదు, దయ లేదు, ఆమె కాలికి కొట్టుకుంటోంది, అంతే. ఆ రోజునుంచీ కర్ర ఆమె ఒళ్ళోనే, అడ్డంగా, దాని మీద కట్ల పెట్టె, పెట్టె మీద ఆమె చేతులు. ఎదురొచ్చేవాళ్ళు తప్పుకునేవాళ్ళు, ఎవరో చెరుకుగడతో పోతున్నట్టు. ఆ బుధవారాల్లో బండి ఒక్కసారి కూడా, ఒక్కసారి కూడా, మొండికేయలేదు. చలికాలం పొగమంచులో, ఎండలో, మురుగుకాలవలో దిగి లేచినప్పుడు కూడా నొక్కగానే అందుకునేది. "చూశారా, నేనుంటే బుద్ధిగా ఉంటుంది," అనేది వెనకనుంచి. ఆ నవ్వు నా మెడ మీద తగిలేది. నేను ముందు నవ్వులాటకి నమ్మాను, తర్వాత నిజంగా నమ్మాను. కుష్టుకి కారణం శాపం కాదు, సూక్ష్మజీవి అని ఊరూరా అరిచి చెప్పేవాణ్ణి, ఇంటికొచ్చి రెబ్కా కూర్చుంటే బండి స్టార్టవుతుంది కాబట్టి రెబ్కా నాకు రాసిపెట్టి ఉంది అని అనుకుంటూ పడుకునేవాణ్ణి. రాసి ఉంటే అడగక్కర్లేదు. అదీ అందులో ఉన్న సుఖం.

"ఏందయ్యోయ్! అలిగిందా ఏంది మళ్ళా?"

కల్లంలో గుడిసె నీడన తాలు కాయలు ఏరుతున్న పున్నమ్మ అరిచింది. నా మాత్రలు వేసుకుని కుష్టు నయమైన మనిషి. జబ్బు పోయింది గానీ అది తీసుకుపోయిన వేళ్ళు రాలేదు, ఉన్న వేళ్ళతోనే మంచి కాయనీ తెల్లబారిన తాలునీ విడదీస్తుంది. కల్లం ఆమెది కాదు, వెంకటేశ్వరమ్మ అనే రైతమ్మది, కాపలా పున్నమ్మది.

"అలిగింది పున్నమ్మా," అన్నాను.

"ఆ నర్సమ్మ కూసుంటే ఇంటదిగా నీ బండి. ఏదీ, యాడికి పోయింది?"

"వాళ్ళ ఊరు."

"నువ్వు యాడికి పోతన్నావు?"

నేను మీటరు మీద దుమ్ము తుడిచాను. ఆమె మిరపకాయల మీదుగా ఒకసారి నన్నూ, ఒకసారి దిగువపాలెం రోడ్డునీ చూసింది. "ఓహో," అంది. ఆ ఓహోలో అంతా ఉంది. ఇంకేమీ అడక్కుండా తల దించుకుని కాయలు ఏరుకుంది, నేను నా ఎరుపులోకి, నా పత్తిలోకి మళ్ళీ జారుకున్నాను. వెళ్ళి ఏం చేస్తాను అసలు. బండి వాళ్ళ చింతచెట్టు కింద ఆపుతాను, కర్ర తీసుకుంటాను, దిగుతాను, చొక్కా సర్దుకుంటాను, నిటారుగా నడుస్తాను. వాళ్ళ గుమ్మం దాకా నడవడం నాకు తెలుసు, రెండు మూడుసార్లు వెళ్ళాను. వాళ్ళ నాన్న ఇమ్మానియేలుగారు కుర్చీ జరుపుతారు, వద్దండీ అంటాను, నిలబడే మాట్లాడతాను, నిలబడగలనని తెలియాలిగా. వానలు ఎలా ఉన్నాయంటాను, మీ దగ్గుకి మందు పంపనా అంటాను. రెబ్కా మజ్జిగ తెస్తుంది. తాగి, గ్లాసు ఇచ్చి, వస్తానండీ అంటాను. నన్ను నాకు బాగా తెలుసు. గంట కొట్టేలోపు చేరినా అదే జరుగుతుంది. బహుశా బండికి కూడా తెలిసే ఆగింది.

"హేయ్! హేయ్! దీని దుంపతెగ!" పున్నమ్మ లేచింది. ఎక్కడినుంచి వచ్చిందో ఒక గేదె, మెడలో తెగిన పలుపు ఈడ్చుకుంటూ, కల్లం మధ్యకి వచ్చి ఎర్రటి కాయల మీద నింపాదిగా నడుస్తోంది, ఒక్కో అడుగుకీ గుప్పెడు కాయలు నలిగి ఘాటు లేస్తోంది. పున్నమ్మ చేట విసిరింది, దానికి లెక్కలేదు. "అయ్యా, ఆ కర్రిటియ్యి!" అని పరిగెత్తుకొచ్చి, నేను ఇచ్చేదేముంది, కడియాల్లోంచి తనే సర్రున లాగేసుకుని, నా చంకకర్ర గాల్లో తిప్పుకుంటూ గేదె వెంట పడింది. నాకు నవ్వూ తుమ్మూ కలిసి వచ్చాయి. కళ్ళలో నీళ్ళు కారుతుంటే చొక్కా చేత్తో తుడుచుకుంటూ, ఏదో చెయ్యాలి కాబట్టి, అలవాటుగా, నొక్కాను.

బండి అందుకుంది.

పచ్చ దీపం వెలుగుతోంది. కింద గుండె కొట్టుకుంటోంది. నేను కదల్లేదు, కదిలితే కల చెదిరిపోతుందేమోనని. పున్నమ్మ గేదెని కల్లం దాటించి, రొప్పుతూ వచ్చి, "ఇందయ్యా, ఇక పో, బండి ఇన్నదిగా," అని కర్రని మళ్ళీ కడియాల్లోకి దించి, బాగా దిగాలని పైనుంచి ఒక్క గుద్దు గుద్దింది. దగ్గు. ఆగిపోయింది. దీపం పోయింది. ఇద్దరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నేను వంగి కర్ర పైకి లాగాను. నొక్కాను. అందుకుంది. కిందికి దించాను. ఆగింది. లాగాను, నొక్కాను, అందుకుంది. "ఓరి నీ కర్ర బంగారంగానూ!" అంది పున్నమ్మ.

కర్ర ఒళ్ళో పెట్టుకుని దాని అడుగు చూశాను. వానాకాలం చివర్లో పాత రబ్బరు తొడుగు అరిగిపోతే సంతలో చెప్పులు కుట్టే అంకయ్య లారీ టైరు ముక్క కోసి కొత్తది బిగించాడు, పాతదానికంటే లావు, పొడుగు, నీ తర్వాత కూడా ఉంటదయ్యా అన్నాడు. వానాకాలం చివరే రోగం మొదలైంది. చెయ్యి కింద పెట్టి తడిమాను. కింది కడియం వెనకే, బ్యాటరీ పెట్టెలోంచి వచ్చే ఎర్ర వైరు, లావు టైరు ముక్క సరిగ్గా దాని మీదికి దిగుతోంది. కాస్త దిగితే ఏమీ లేదు, కుదుపుకి ఇంకాస్త దిగితే వైరుని నెడుతుంది. వేళ్ళతో పట్టుకుని మెల్లగా వంచుతూ పోయాను, ఇక్కడ గట్టిగా, ఇక్కడ గట్టిగా, ఇక్కడ మాత్రం మెత్తగా. పైన తొడుగు చెక్కుచెదరలేదు. లోపల రాగి తీగ తెగి ఉంది, తాకితే తాకుతోంది, లేకపోతే లేదు. ఖాజావలి కళ్ళకి ఎలా కనిపిస్తుంది. ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నేను దిగేవాణ్ణి, దిగడానికి కర్ర తీసేవాణ్ణి. రోగాన్ని చంకలో పెట్టుకుని డాక్టరు పక్కన నిలబడి, నయం చెయ్యవేం అని ఇన్నాళ్ళూ అడిగాను. పిల్లని సంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని మా అమ్మే అనేది. ఇంకెవరికైనా అయితే ఈ పొరపాటు జరగదు, కర్ర ఉన్నవాడికే జరుగుతుంది.

తర్వాత మెల్లగా రెండో సంగతి తట్టింది. రెబ్కా ఉంటే ఎందుకు స్టార్టయ్యేది. కర్ర ఆమె ఒళ్ళో ఉండేది కనుక. అంతే. ఎక్కడా ఏమీ రాసి లేదు. మెడ మీద తగిలిన నవ్వుకీ పచ్చ దీపానికీ సంబంధం లేదు. ఒక టైరు ముక్క, ఒక వైరు. ఏడుపొచ్చింది నాకు, మిరప ఘాటు కదా, ఎవరూ అనుకోరు, కాసేపు ఏడ్చాను కూడా. చిన్నప్పుడు పత్తి కుప్పలోంచి తీసి గట్టు మీద నిలబెట్టినట్టే ఉంది. ఇన్ని బుధవారాలు నేను మెత్తగా కూరుకుపోయి పడుకున్న చోటు అది. ఇప్పుడు ఎవరో లేపేశారు, ఇక నా అంతట నేనే నిలబడాలి. రాసి లేదు. రాసి లేకపోతే అడగాలి.

"తాడిత్తానుండు, ఎనకమాల కట్టుకోని పో," అంటోంది పున్నమ్మ, బస్తాలు కట్టే జనపతాడు తెచ్చి. సులువే. సీటు వెనక కట్టేస్తే వైరుకి తగలదు, దిగువపాలెం చేరతాను, తాడు విప్పుతాను, కర్ర తీసుకుంటాను, దిగుతాను, చొక్కా సర్దుకుంటాను. మజ్జిగ తాగి వచ్చేస్తాను. తాడు పట్టుకున్న ఆమె చేతుల్ని చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడూ కర్ర పట్టుకుని నిటారుగా నిలబడిన మనిషినే చూసింది రెబ్కా, ఆమె ఏదైనా చెప్పబోతే సీసా మూత బిగించే మనిషిని.

"వద్దు పున్నమ్మా. ఇది ఇక్కడే ఉండనీ."

"కర్ర లేకుండా యాడ దిగుతావయ్యా?"

"దిగను."

ఆమెకి అర్థమైందో లేదో. కర్ర అందుకుని గుడిసె వాసానికి ఆనించింది, పైన తన తలగుడ్డ కప్పింది, ఎండ తగలకుండా. "గేదెల్ని తోలుకోడానికి పనికొచ్చిద్దిలే. బేగి పో," అంది.

వెళ్ళాను. ఎడమ పక్క తేలిగ్గా ఉంది, ఖాళీ కడియాలు కుదుపుకి గలగలమంటున్నాయి, ఎవరో చిన్నపిల్ల గజ్జెలు కట్టుకుని వెంట వస్తున్నట్టు. మిరప ఎరుపు వెనక్కి పోయింది, పత్తి తెలుపు వచ్చింది, అదీ పోయింది, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల ఇటుక గోడలు, ఎండిన మురుగుకాలవ, మళ్ళీ పత్తి. దారిలో బండి ఆగితే, ఇక ఏ దిక్కూ లేదు, దిగలేను, తోయలేను, ఎవరో వచ్చేదాకా అలా కూర్చోవాలి. ఆ సంగతి తెలుసు, అయినా ఎందుకో హాయిగా ఉంది, జ్వరం దిగాక ఉండే హాయి. అమ్మ చేలో నడుం ఎత్తి చూస్తోంది, "కర్రేదిరా?" అంటోంది. వదిలేశానమ్మా, అన్నాను పైకే. అడగబోతున్నాను, ఇస్తారో ఇవ్వరో, ఇచ్చి చూస్తే చూడనీ. ఆమె అటు తిరిగి నిలబడింది, నేను లేచేదాకా నిలబడేట్టే. ఎండ పసుపు రంగుకి తిరిగింది. దూరంగా దిగువపాలెం గుడి తెల్లటి గోడ కనిపించింది, గంట చప్పుడు ఇంకా లేదు.

వాళ్ళ ఇంటి ముందు చింతచెట్టు కింద ఎడమకాలితో స్టాండు వేశాను. ఇంజను ఆపలేదు. ఇమ్మానియేలుగారు ఉతికిన పంచె కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని అప్పుడే గుమ్మం దిగుతున్నారు. "ఏం ప్రేమదాసూ, ఇలా వచ్చావు? దిగు, దిగు," అన్నారు. నేను హారను నొక్కాను. ఆ ఇంటి ముందు ఎన్నడూ నొక్కలేదు. మోగింది, అరుగు మీద కోళ్ళు లేచి పరిగెత్తాయి, పక్కింటి అరుగు మీద చేటలు ఆగాయి. రెబ్కా తలుపు దగ్గరికి వచ్చింది, మోచేతుల దాకా బియ్యప్పిండి, రేపటి కోసం ఏవో వండుతున్నట్టుంది.

"దిగండి," అంది.

"దిగలేను."

ఆమె కళ్ళు కడియాల మీదికి వెళ్ళాయి. "కర్రేదండీ?"

"పున్నమ్మ కల్లంలో వదిలేశాను. అది ఉంటే నీతో మాట్లాడలేను." మీరు అనేవాణ్ణి ఆమెని, నువ్వు అనేశాను, అది కూడా అప్పుడు తెలియలేదు. "పొద్దున అడిగావుగా, ఏమైనా చెప్పాలని లేదా అని. ఉంది. ఆ పేరు చదివించొద్దు. నన్ను చేసుకో. నీకిష్టమైతే. బండి రోగం దొరికింది రెబ్కా, నువ్వుంటే స్టార్టవడం ఏమీ లేదు, కర్ర వైరుకి తగులుతోంది, నీ ఒళ్ళో ఉంటే తగిలేది కాదు, అంతే. కాబట్టి ఊరికే అడుగుతున్నాను. ఏ గుర్తూ లేదు. నాకు కావాలి కాబట్టి అడుగుతున్నాను."

ఇమ్మానియేలుగారి నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పక్కింటివాళ్ళు చూస్తున్నారు, మా అమ్మ ఇన్నేళ్ళూ భయపడిన చూపు అదే, చూసుకోనీ, తగిలింది, పోయింది. రెబ్కా పిండి చేతులు పమిట చెంగుకి తుడుచుకుంది. తొందరేమీ లేదు ఆమెకి. గుడి వైపునుంచి గంట మొదలైంది.

"నాన్నా, గంట కొట్టేశారు, వెళ్ళు," అంది, నా మీదనుంచి కళ్ళు తిప్పకుండా. "పాస్టరుగారికి పేర్లు చెప్పేటప్పుడు చూసుకో. ఒక పేరు మారింది."

"ఏందే నువ్వనేది?"

"ఇప్పుడు విన్నావుగా నాన్నా."

ఆయన నన్ను చూశారు, కూతుర్ని చూశారు, బైబిలు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నారు. "వచ్చాక మాట్లాడదాం, ఇద్దర్నీ కూర్చోబెట్టి," అన్నారు గట్టిగానే, కానీ నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఏదైనా పెట్టు ఆ అబ్బాయికి, ఎండన పడొచ్చాడు," అని గుడి వైపు వెళ్ళిపోయారు. నేను తాళం తిప్పి ఇంజను ఆపేశాను. మళ్ళీ అందుకుంటుందా లేదా అన్న ఆలోచన రాలేదు. రెబ్కా గుమ్మం దిగి, చింతచెట్టు నీడలోకి వచ్చి, బండికి ఎడమ పక్కన నిలబడి చెయ్యి చాచింది.

"ఇటివ్వండి," అంది, బుధవారాల్లో కర్ర అడిగినట్టే.

నా దగ్గర కర్ర లేదు. చెయ్యి ఇచ్చాను.